తేలే రాయి

మొన్న షాపులో మడమలు రుద్దుకునే రాయి చేతిలోకి తీసుకోగానే సలోమి గుర్తొచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా కడుపు మండింది.

ఆరో తరగతిలో టీచరు తలా ఒక రాయి తెమ్మన్నారు. నేను మా నాన్న కొడవళ్లు నూరే ఇసుకరాయి మోసుకెళ్లాను. నా పక్కన కూర్చునే సలోమి, మైపాడు సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిన చిల్లుల రాయి తెచ్చింది. టీచరు రెండింటినీ బకెట్లో వేశారు. నాది బుడుంగున మునిగింది. దానిది తేలింది.

"నీది ఇసుక పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడిన రాయి. సలోమిది అగ్నిపర్వతం నురగ" అన్నారు టీచరు. క్లాసంతా సలోమి చుట్టూ మూగింది.

సాయంత్రం ఇంటికొస్తూ సలోమి సంచి గట్టున పెట్టి, కాలవ మెట్ల మీద కాళ్లు కడుక్కుంటోంది. నేను దాని సంచిలోంచి రాయి తీసుకుని, కాస్త ఎగువకు పోయి నీళ్లలోకి విసిరేశాను. తేలుతుందనే కదా కుళ్లుకుంది, ఆ సంగతే మర్చిపోయాను. రాయి నిమ్మళంగా తేలుతూ పోయి సలోమి కాళ్లకే తగిలింది.

"సంచి చినిగినట్టుండాది, జారి పడిపోయినాది. ఇంటిదాకా నీ సంచిలో పెట్టుకోమే" అంది.

నాన్న రాయి నా భుజం లాగేస్తుంటే, దాని రాయి ఉన్నట్టే లేదు. దానికీ కుళ్లుకున్నాను.

అనుమానమే లేకుండా అలా మనిషిని నమ్మడం నాకు ఇవాళ్టికీ రాలేదు. షాపులో ఆ రాయిని మళ్లీ అరలోనే పెట్టేశాను.