ఒకే ముహూర్తాన పుట్టిన తాళాలు

మొన్న పొద్దున్న మా మాష్టారు పోయారు. వాళ్లమ్మాయి ఫోన్ చేసేసరికి నేను భీమవరం అవతల ఒక రొయ్యల చెరువు గట్టు మీద, మా కంపెనీ పెట్టె మూత విప్పుకుని కూర్చున్నాను. ఆ పెట్టెలో ఉన్న తప్పు మొట్టమొదట పట్టుకున్నది ఆయనే. ఏడవాలో, పని కానివ్వాలో తెలియలేదు.

కాకినాడ కాలేజీలో ఆయన మాకు లెక్కలు చెప్పేవారు. మొదటి క్లాసులోనే పదిలోపు ఒక అంకె అనుకోమని, ఏడు అనుకున్నవాళ్లని చెయ్యెత్తమన్నారు. సగం క్లాసు చేతులెత్తింది. "మనం ఊరికే అనుకున్నది ఊరికే కాదర్రా, అలవాటు" అన్నారు. గారడీ అనుకుని నవ్వేశాం.

రొయ్యలు ఊపిరాడక చచ్చిపోకుండా చెరువుకి గాలి అందించే ఏరియేటర్లని రైతు ఫోన్ నుంచే తిప్పే పెట్టె మాది. మొదటిసారి కరెంటు ఎక్కగానే ఆ పెట్టె తనకో రహస్య తాళంచెవి తయారుచేసుకుంటుంది. అది ఎవరి ఊహకీ అందకూడదు. మావాళ్లేమో పెట్టె వెలిగిన క్షణాన్ని బట్టి తయారయ్యేలా పెట్టారు. దానికితోడు మా ఓనరుగారికి ముహూర్తాల పిచ్చి. పంతులుగారు పెట్టిన వేళకి కొబ్బరికాయ కొట్టి, ఒక్క స్విచ్‌తో పెట్టెలన్నీ వెలిగించారు. ఆ వేళ ఎప్పుడో రైతులందరికీ ముందే వాట్సాప్‌లో వెళ్లింది కూడాను.

అతిథిగా వచ్చిన మాష్టారు చప్పట్లు కొట్టలేదు. ప్రసాదం చేత్తో పట్టుకునే రెండు పెట్టెలు పరీక్ష చేయించారు. రెండింటికీ ఒకే తాళంచెవి.

"ముహూర్తం పదిమందికీ తెలియాలమ్మా. తాళంచెవి పుట్టిన వేళ మాత్రం ఎవరికీ తెలియకూడదు" అన్నారు నాతో.

ఓనరుగారు వింటేగా! ముందు చెరువులకి పెట్టెలు వెళ్లనివ్వండి, రొయ్యలు పట్టి అమ్ముకునే పట్టుబడి అయ్యాక చూద్దాం అన్నారు. నాకు ఒళ్లు మండింది. మాష్టారికి మాత్రం దిగులు పట్టుకుంది. ఓనరుగారి చుట్టూ తిరిగి తిరిగి, అప్పటికే చెరువులకి చేరిన పెట్టెలు బాగుచేయడానికి ఒప్పించారు. ఆ వయసులో మజ్జిగ సీసా పట్టుకుని నాతోపాటు బస్సులెక్కారు. మంచాన పడ్డాక ఒంట్లో ఎలా ఉందండీ అని నేనడిగితే విననట్టే ఉండి, "ఇంకా ఎన్ని మిగిలాయమ్మా?" అనేవారు. ఆయనకి నేను చాలా రుణపడ్డాను. ఆ మాట ఆయన ఉండగా చెప్పనే లేదు.

మొన్న మాష్టారి అమ్మాయి ఫోన్ పెట్టేశాక, ఆ చెరువు రైతు పెట్టెలో ఏమీ మార్చొద్దన్నాడు. పట్టుబడి దగ్గరపడింది, ఇన్నాళ్లూ ఏమైంది గనక అని వాదించాడు. పక్క చెరువు ఆయన బావగారిది. ఇద్దరికీ మాటల్లేవు. నేను రైతు ఫోనే తీసుకుని, పక్క చెరువు పెట్టె నంబరు కొట్టి, ఆపు అని నొక్కాను.

బావగారి ఏరియేటర్లు ఆగిపోయాయి. నీళ్లు కదలకుండా అయిపోయాయి. వెంటనే మళ్లీ తిప్పాను.

రైతు మొహం పాలిపోయింది. "అయితే మా చెరువు కూడా బావగారి చేతిలో ఉన్నట్టేనాండీ?" అన్నాడు.

ఆయన చేతిలోనే కాదు, ఎవరి చేతిలోనైనా ఉన్నట్టే అన్నాను. రైతు పక్కకి జరిగాడు. నేను లేచి చూశాను. కనుచూపుమేర చెరువులే. గట్టుగట్టుకీ మా తెల్ల పెట్టె. ఏరియేటర్లన్నీ తిరుగుతూనే ఉన్నాయి, ఇప్పటికైతే.