ఎదురింటి గోడ వారన ఖాళీ

మస్తాన్ మామ పోయిన సంగతి నాకు మొదట చెప్పింది పూలమ్మే మునెమ్మ. తడిగుడ్డ విప్పగానే మల్లెల వాసన గుప్పుమంది. మూర కొలుస్తూనే, "తెల్లారి నమాజు చేసి కూకున్నోడు కూకున్నట్టే పోయినాడంటమ్మా" అంది. పూలు అందుకున్న చేతులతోనే ఆయనకు దండం పెట్టాను.

చిత్తూరులో మా గేటుకు సరిగ్గా ఎదురిల్లు ఆయనది. బాడుగ కారు నడిపేవారు. అయినా కారును సొంత గోడ పక్కన ఎన్నడూ నిలపలేదు. వీధి చివర పెట్టి నడిచి వచ్చేవారు. అమ్మ ఊరుకునేది కాదు.

"ఏం మస్తానన్నా, మా వేపాకు రాల్తే నీ కారు మాసిపోతాదా?"

"మీ వదిన పెట్టే తిండికి ఈ నడకన్నా లేకపోతే యెట్టమ్మా?" అని నవ్వేసేవారు.

బడికి వెళ్ళని నాకు ఇంట్లో అక్షరాలు దిద్దించింది నాయన, స్టీరింగు పట్టించింది మస్తాన్ మామ. ఒక శుక్రవారం తిరుచానూరు వెళ్ళినప్పుడు, సన్నటి సందులో ఒక ఇంటి ఎదుట కారు ఆపాను.

"గేటు అవతల పక్కన ఉంది కదా మామా, అడ్డం లేదు" అన్నాను.

"దిగు పాపా. ఆ గేటు కాడ నిలబడి సూడు. వాళ్ళు బండి తీస్తే మూతి యాడికొస్తాది?"

నిలబడి చూశాను. సరిగ్గా మా కారు తలుపు మీదికి వస్తుంది.

"గేటు ఇడిస్తే సాలదు. బండి తిరిగే జాగా గూడా ఆ ఇంటోళ్ళదే" అన్నారు. అమ్మవారి గుడి గంట వినబడుతున్నా, రెండు వీధుల అవతల కారు పెట్టించి నడిపించారు.

తర్వాత ఏడాది ఒక మధ్యాహ్నం నాయనకు మళ్ళీ గుండెనొప్పి వచ్చింది. వెనక సీట్లో ఆయన తల అమ్మ ఒళ్ళో ఉంది. మా కారును గేట్లోంచి వెనక్కి తీశాను. ఎదురింటి గోడ వారనున్న ఖాళీలోకి వెనక భాగం వెళ్ళి, ఒక్క తిప్పుతో కారు వీధిలో నిలిచింది. ఇంకొంచెం ఆలస్యమైతే తమ చేతుల్లో ఉండేది కాదన్నారు డాక్టరు.

ఆసుపత్రి వరండాలో మామను అడిగాను. "మాకోసమేనా, ఆడ కారు పెట్టనిది?"

"మీ నాయనకి తొలిసారి నొప్పొచ్చిన పొద్దు నుంచి" అన్నారు, మామూలుగా. "ఎప్పుడు పనిబడతాదో తెలీదు గదా పాపా."

తొమ్మిదేళ్ళు. వానలో, నిప్పులు చెరిగే ఎండలో, రాత్రంతా బండి నడిపి వచ్చిన పొద్దుల్లో కూడా. రోజూ మా గేటు ముందు ముగ్గు వేసి, నాయనను చల్లగా చూడమని స్వామిని వేడుకునేదాన్ని. ఆ స్వామి చూస్తున్న తీరు కళ్ళెదుటే ఉన్నా నాకు కనబడలేదు.

నాయన ఇంకో ఆరేళ్ళు మాతో ఉన్నారు. ఇప్పుడు నేను ఏ వీధిలో బండి ఆపినా, దిగి ఎదుటి గేటు దగ్గర ఒక్క క్షణం నిలబడి చూస్తాను. మీరూ ఎక్కడైనా బండి నిలిపేటప్పుడు, ఎవరో ఒకరి కోసం దూరం నుంచి నడిచి వచ్చిన మా మస్తాన్ మామను ఒక్కసారి తలచుకోండి.