కారు బుర్రకు బొట్టు పెట్టిన రోజు

మొన్నామధ్య హిందూపురంలో ఒక కారుకు కొత్త బుర్ర పెట్టినారు. పెట్టింది మా మనవరాలు భార్గవి. అది పని చేయకుండా చేసింది నేను. రెండూ మా ఇంటివాళ్లు చేసిన పనులే కాబట్టి, ముందు గొప్ప చెప్పుకుని ఆనక తప్పు చెప్తాను.

మాది పెనుకొండ. భార్గవి నా కొడుకు బిడ్డ. డిప్లొమా చదివి హిందూపురంలో గంగాధరప్ప కార్ల షెడ్డులో చేరింది. చేరిందనేది పేరుకే. కార్ల కింద దూరి పని చేసేదంతా మగపిల్లోళ్లు, ఈ పిల్లను మాత్రం ఒక కుర్చీలో కూర్చోబెట్టి కంప్యూటర్‌లో బిల్లులు కొట్టమన్నాడు. ఇంటికొచ్చి అన్నం ముందర కూర్చున్నా సెల్లులో కారు వైర్ల బొమ్మలు చూస్తాండేది. పప్పు చల్లారిపోయేది, ఆ పిల్లకు తెలిసేది కాదు.

అట్లుండగా ధర్మవరం నుంచి ఒక కారు వచ్చింది. రామాంజులు అని, మగ్గాల మీద పట్టుచీరలు నేయించి అంగళ్లకు వేసే ఆయనది. ఆ కారుకు ఒక వింత రోగం. ధర్మవరంలో బాగా బయల్దేరుతాది. పెనుకొండ దగ్గరికి వచ్చేసరికి ఉన్నట్టుండి ఆగిపోతాది. కాసేపు నీడన నిలబెడితే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టయితాది. బ్యాటరీ మార్చినారు, పెట్రోలు పంపు మార్చినారు, ఇంకా ఏమేమో మార్చినారు. రోగం మాత్రం ఆడనే ఉండాది.

"అన్నా, నేనొకసారి చూస్తా" అని భార్గవి అడిగిందంట.

గంగాధరప్ప నవ్వినాడంట. "చూడు పాపా. ఇది నువ్వు బాగుచేస్తే షెడ్డులో కరెంటు పనంతా నీకే ఇడిసిపెడతా. కాలేదంటే మాత్రం మళ్లీ ఆ కుర్చీ ఇడిసి లేస్తాననగూడదు."

ఈ పిల్ల ఏం చేసిందో వినండి. మరుసటి రోజు ఇంట్లోంచి తల ఆరబెట్టుకునే మిషను ఎత్తుకుని బయల్దేరింది.

"కారుకు జుట్టు యాడుండాదే?" అన్నా నేను.

"జుట్టు లేదవ్వా, బుర్ర ఉండాది" అనింది.

కార్లో ఒక రేకు డబ్బా ఉంటాదంట. కంట్రోల్ మాడ్యూల్ అంటారు. పెట్రోలు ఎంత పోవల్ల, నిప్పు ఎప్పుడు అంటుకోవల్ల, అంతా ఆ డబ్బా చెప్తేనే ఇంజన్ వింటాదంట. భార్గవి ఇంజన్ నడుస్తాండగా ఆ డబ్బాకు వేడిగాలి కొట్టింది. ఠక్కున ఆగిపోయింది. చల్లబడినాక మళ్లీ నడిచింది. మళ్లీ కొట్టింది, మళ్లీ ఆగింది. డబ్బా లోపల యాడో టంకం వదిలి, వేడెక్కితే విడిపోతాండాదని తేల్చేసింది. అంతమంది అన్ని మార్చినారు గానీ, పెనుకొండ వచ్చేసరికే ఎందుకు ఆగుతాదని అడిగినోళ్లు లేరు. ఆ మాట అడిగింది మా పిల్ల. ఇది నేను బస్సులో పక్కనోళ్లకు కూడా చెప్తాండా, మీకు చెప్తే తప్పేముంది.

గంగాధరప్ప బెంగళూరు నుంచి కొత్త డబ్బా తెప్పించినాడు. దాన్ని బిగించే రోజు భార్గవి హడావుడిగా పోతా క్యారియర్ మరిచిపోయింది. నేను రాగిసంగటి, చెనిక్కాయల చట్నీ పెట్టుకుని బస్సెక్కినా. పోయేటప్పుడు గుళ్లో పసుపు, కుంకుమ, రెండు కనకాంబరాలు ఇస్తే కొంగున కట్టుకున్నా. అసలు కథ ఆ కొంగు కాడ మొదలయింది.

నేను పోయేసరికి పాత డబ్బా తీసేసినారు. కొత్తది బల్ల మీద పెట్టిండారు. వెండిరంగులో తళతళ మెరుస్తాండాది.

"అవ్వా, చేతులు కడుక్కుని వస్తా. దాన్ని మాత్రం ముట్టుకోవద్దు" అని చెప్పి పోయింది పిల్ల.

ముట్టుకోవద్దనింది నిజమే. బొట్టు పెట్టేది కూడా ముట్టుకునే దాంట్లోకే వస్తాదని నాకు తోచలేదు. మా ఇంట్లో మిక్సీ వచ్చినా, గ్యాసుపొయ్యి వచ్చినా, ఆఖరికి ఈ పిల్ల సెల్లు కొన్నా, బొట్టు పడకుండా వాడింది లేదు. ఇక్కడ చూస్తే పిల్ల బతుకంతా ఈ డబ్బా మీద ఆధారపడి ఉండాది, దీనికి పసుపు కుంకుమ ముట్టించినోళ్లే లేరు. మగపిల్లోళ్లకు ఏం తెలుస్తాది అనుకున్నా.

బొట్టంటే మొగానికి పెట్టల్ల. దీనికి మొగం ఏ పక్క? ఒకపక్క నున్నగా ఉండాది, వీపు అనుకున్నా. ఒకపక్క కాగితం అంటించిండారు, అది పొట్ట. ఇంకోపక్క వెడల్పుగా నోరు తెరుచుకుని, లోపల సన్నసన్న పళ్ల మాదిరి వరసగా సూదులు. మొగం అంటే అదే గదా. పసుపు నీళ్లతో తడిపి నిండుగా పూసి, నడిమధ్య కుంకుమ పెట్టి, ఒక కనకాంబరం లోపలికి దూర్చినా. చానా లక్షణంగా వచ్చింది. మళ్లీ ముందున్నట్టే, మొగం గోడ పక్కకు చేసి పెట్టేసినా.

పిల్ల సంగటి తినింది. డబ్బా తీసుకుని కార్లో డాష్‌బోర్డు కిందికి దూరి, చేతి తడుముడు మీదనే ప్లగ్గు నొక్కి బిగించింది. అప్పటికి రామాంజులు కూడా వచ్చినాడు. తాళం తిప్పినారు. కారులో ఉలుకూ లేదు, పలుకూ లేదు. పిల్ల లాప్‌టాప్ తగిలించింది. చూసి మొగం చిన్నబుచ్చుకుంది.

"డబ్బా అసలు మాట్లాడటం లేదన్నా."

"కొత్త చోటు గదా" అన్నా నేను. ఎవరూ పట్టించుకోలేదు.

ఫ్యూజులు చూసింది, వైర్లు చూసింది, బ్యాటరీ విప్పి మళ్లీ కట్టింది. చెమటలు కారుతాండాయి. రామాంజులు గొణగడం మొదలుపెట్టినాడు. "ఏమప్పా గంగాధరా, పాతది ఉన్నప్పుడు పెనుకొండ దాకా అయినా పోతాండె. ఇప్పుడు షెడ్డు కూడా దాటదు. చిన్నపిల్ల చేతికి ఇస్తే ఇంతే గదా."

గంగాధరప్ప నెమ్మదిగానే అన్నాడు. "పోనీలే పాపా. లేయి. బెంగళూరోళ్లనే పిలిపిద్దాం."

భార్గవి లేయలేదు గానీ, ఒక్కసారి ఆ బిల్లులు కొట్టే కుర్చీ పక్క చూసింది. అప్పుడు మెల్లగా అడిగినా.

"ఏమే భార్గవీ, ఆ డబ్బాకు మొగం ఏ పక్కుంటాది?"

"మొగమేందవ్వా?"

"అదే, బొట్టు పెట్టల్లంటే ఏ పక్క పెట్టల్ల?"

పిల్ల నా పక్క చూసింది, నా వేళ్ల పక్క చూసింది. వేళ్లు ఇంకా పచ్చగానే ఉండాయి. బ్యాటరీ తీసి, ప్లగ్గు లాగింది. లోపల పసుపు ముద్ద, దాంట్లో నలిగిన కనకాంబరం.

"పొరపాటు పిల్లది కాదప్పా, నాది" అన్నా గట్టిగా, అందరికీ వినబడేటట్టు.

రామాంజులు తల పట్టుకున్నాడు. "మేమూ మగ్గానికి బొట్టు పెడతాం అవ్వా. మగ్గానికి పెడతాం గానీ పోగులకు పెడతామా?"

నేను వేళ్లు కొంగుకు తుడుచుకున్నా.

భార్గవి ఏదో స్ప్రే కొట్టి, సన్నని బ్రష్షుతో ఒక్కొక్క సూదీ తుడిచింది. గాలి కొట్టింది, బాగా ఆరనిచ్చింది. ప్లగ్గు కూడా కడిగింది. ఈసారి టార్చి వేసి చూసుకుని బిగించింది. లాప్‌టాప్‌లో అక్షరాలు గబగబా పరిగెత్తినాయి. తాళంచెవిని ఆ డబ్బాకు పరిచయం చేయల్లంట, అదీ చేసింది. తిప్పింది. ఇంజన్ అందుకుంది. వేడిగాలి కొట్టి చూసింది, నిలబడింది.

"ఇట్ల కాదు, పెనుకొండ దాటితేనే నమ్ముతా" అన్నాడు రామాంజులు.

"అట్లే పోయి అవ్వను ఇంటికాడ దించేసి రాండి" అన్నాడు గంగాధరప్ప. నా మీద గౌరవమనే అనుకున్నా.

భార్గవే నడిపింది. మంచి ఎండ. పెనుకొండ కొండ కనబడగానే రామాంజులు సీటు అంచుకు జరిగినాడు. ఎప్పుడూ ఆగే చోటు వచ్చింది, పోయింది. కారు పోతానే ఉండాది. రామాంజులు వెనక్కి తిరిగి ఆ చోటును చూసి, "అమ్మా, ఈసారి మా ఇంటామె బండి కూడా నీ దగ్గరికే తెస్తా" అన్నాడు. 'చిన్నపిల్ల' పోయి 'అమ్మా' అయింది, గమనించినారా. నేను గమనించినా.

తరవాతి వారం మళ్లీ క్యారియర్ ఎత్తుకుపోయినా. ఈసారి పిల్ల మరిచిపోలేదు, నేనే దాచిపెట్టినా. షెడ్డులో ఆ కుర్చీలో వేరే ఎవరో కూర్చుని ఉండారు. మా పిల్లకు వేరే బల్ల, దాని పైన ఒక కొత్త బోర్డు. నేను అక్షరాలు నేర్చింది జుట్టు నెరిసినాక, అదీ ఈ పిల్ల దిద్దిస్తేనే. కూడబలుక్కుని చదివినా. "బయటివారు లోపలికి రాకూడదు." ఎవరో ఒకాయన సెల్లు చూసుకుంటా లోపలికి పోబోయినాడు. చేయి అడ్డం పెట్టినా. "ఏమప్పా, యాడికి పోతాండావు? రాసింది చదువు" అన్నా. ఇంకొకాయననూ ఆపినా. భలే గర్వంగా ఉండింది.

గంగాధరప్ప వచ్చి నా పక్కన నిలబడినాడు. "అవ్వా, కింది లైను కూడా చదువు."

చిన్న అక్షరాలు. కళ్లు చికిలించి చదివినా, అందరికీ వినబడేటట్టు.

"వస్తువులకు బొట్టు పెట్టరాదు."

మా భార్గవి చేతికి అధికారం వచ్చినాక పెట్టిన మొదటి రూలు అది. అక్షరాల్లో యాడా తప్పు లేదు. బయట నిలబడే చదివినా, తీరిగ్గా రెండోసారి కూడా.