మా అమ్మ చావుకు మోగని పలక

కర్నూలులో నాటకంవాళ్ళు నాకు చివరి వరసలో కుర్చీ చూపించారు. ముందు వరసలు పెద్దమనుషులకట. నాటకం మాత్రం మా నాయన మీద. కోడుమూరు దగ్గర మా ఊళ్ళో ఆయన పలక కొట్టేవాడు, పాటలు కట్టేవాడు. డప్పును మా వైపు పలక అంటాం. పెళ్ళయినా చావయినా ఊరంతటికీ ఆయన పలకే. బతికున్నన్నాళ్ళూ ఆయన్ను ‘ఒరే’ అనకుండా పిలిచిన పెద్దమనిషి లేడు. ఇప్పుడు ఆయన కథను ఊరూరా తిప్పి ఆడుతున్నారు.

కథ చెప్పింది నేనే. దర్శకుడు మూడు రోజులు మా అరుగు మీద కూర్చుని ఫోనులో రికార్డు చేసుకున్నాడు. నాయన జొన్నచొప్ప మంట మీద పలక కాచి, చెవి దగ్గర పెట్టుకుని, ఒక్క దెబ్బ కొట్టి చూసుకునేవాడని చెప్పాను. అమ్మ పోయిన రోజు సంగతీ చెప్పాను. చావు జరిగిన ఇంటి మనిషి పలక ముట్టకూడదు. అది మా కట్టుబాటు. నాయన తన పలకను గోడవైపు తిప్పి తగిలించాడు. అలాంటప్పుడు పక్క ఊరి పలకలవాళ్ళకు కబురు పంపవలసింది ఊరి పెద్దలు. ఎవరూ పంపలేదు. మధ్యాహ్నం దాకా ఎదురుచూసి, పాస్టరుగారి ప్రార్థన కాగానే అమ్మను చప్పుడు లేకుండా తీసుకుపోయాం. కబురు పంపని ఇళ్ళు ఏవేవో ఇప్పటికీ వరసగా చూపించగలను. ఈ ఒక్కటి మార్చవద్దని దర్శకుడికి రెండుసార్లు చెప్పాను.

కర్నూలు స్టేజీ మీద అమ్మ శవం ముందు నాయన వేషగాడు పలక కొడుతూ ఏడ్చాడు. జనమూ ఏడ్చారు. ముందు వరస లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. అందులో ఒకడు, ఆనాడు కబురు పంపని ఇంటివాడి కొడుకు.

అయిపోయాక దర్శకుణ్ణి పట్టుకున్నాను.

“ఏమప్పా, ఆ పొద్దు మా నాయన పలక ముట్టలేదని చెప్తిని గదా?”

“అమ్మా, ఊరికే నిలబడితే జనం ఏం చూస్తారు? మా నాటకానికి ఆ సీనే ప్రాణం.”

“నాటకానికి ప్రాణం వచ్చింది సరే. ప్రాణం పోయింది మాయమ్మకు.”

నవ్వి, కడపలో మారుస్తానన్నాడు.

తమ్ముణ్ణి వెంటబెట్టుకుని కడపకు పోయాను. నిజంగానే మార్చాడు. ఒక్క పలక ఉన్నచోట నాలుగు పెట్టాడు.

బయటికొచ్చాక చూస్తే తమ్ముడు కళ్ళు తుడుచుకుంటున్నాడు.

“శానా బాగుండాది గదక్కా. నాయన అచ్చం అట్లే కొట్టినాడు ఆ పొద్దు.”

“యాడ కొట్టినాడురా? పలక గోడకు తిప్పి పెట్టినాడు.”

“నాకు బాగా గుర్తుండాదిలే. నీకు ప్రతిదానికీ తగాదానే.”

అమ్మ పోయిననాటికి వాడికి నాలుగేళ్ళు. సమాధుల దాకా వాణ్ణి ఎత్తుకుని నడిచింది నేను. “పలకలు యాడక్కా?” అని దారంతా అడిగాడు.

తిరుగు బస్సులో ఆ మాట చెప్పాను. వాడు కిటికీ వైపు తిరిగాడు. నంద్యాల వచ్చేదాకా ముందు సీటు కడ్డీ మీద వేళ్ళతో ఆ నాటకం దెబ్బే కొడుతూ కూర్చున్నాడు.