అన్న సైకిల్‌కు పదిహేడు పళ్ల కాగ్

2011లో మా సైకిల్ దుకాణం హైదరాబాద్‌లోని రాయదుర్గంలో, ఆఫీసు టవర్ల వెనక సందులో ఉండేది. అప్పటికి ఆ దారిలో మెట్రో లేదు. తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. బంద్ పిలుపు వస్తే కంపెనీల క్యాబులు ఆగిపోయేవి, మేం షట్టర్ సగం దించి లోపల పని చేసుకునేవాళ్లం. కూడళ్లలో లారీ టైర్లు కాల్చేవారు. రబ్బరు కాలిపోయాక దాని లోపలి సన్నని ఉక్కు తీగలు రోడ్డు మీద మిగిలేవి. ఊడ్చినా పోవు. ఆ తర్వాత వారం పాటు మాకు పంక్చర్ల పనే. తెగిన తీగ ముక్క టైరులో దిగితే కంటికి కనిపించదు. టైరు లోపల దూది ఉండ తిప్పితే, తీగ ఉన్నచోట పోగులు చిక్కుకుంటాయి. అట్లా పట్టుకునేవాళ్లం.

దుకాణం పెట్టింది మా అన్న యాదగిరి. ఆరడుగుల మనిషి. నేను ఆయన భుజం దాకా వస్తాను. సాఫ్ట్‌వేర్ వాళ్లు రోడ్ బైకులు కొనడం మొదలుపెట్టాక చక్రాల పని ఆయన, మిగతా పార్టుల పని నేను చూసేవాళ్లం. తనకోసం ఆయన ఒక ఫిక్స్‌డ్ గేర్ సైకిల్ కట్టుకున్నాడు. మామూలు సైకిల్‌లో తొక్కడం ఆపినా చక్రం తిరుగుతుంది. ఫిక్స్‌డ్ గేర్‌లో అట్లా కుదరదు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరుగుతాయి, కాళ్లూ తిరగాల్సిందే. అన్న దానికి బ్రేకు కూడా పెట్టలేదు. ఆపాలంటే ముందుకు వంగి, ఎడమ కాలు ముందుండగా పెడళ్లను బిగబట్టేవాడు. వెనక చక్రం తిరగడం మానేసి జారుతూ ఆగేది. దీన్ని స్కిడ్ అంటారు.

బంద్ రోజుల్లో ఖాళీ రోడ్డు మీద ఆయన చందానగర్‌లోని ఇంటి నుంచి బయలుదేరేవాడు. ఆయన వెంట ప్రసాద్ గారు ఉండేవారు. భీమవరం మనిషి, సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, తెల్లాపూర్‌లో గేటెడ్ కమ్యూనిటీలో ఇల్లు. పక్క దుకాణం మల్లేశ్ నన్ను గెలికేవాడు.

"ఏంది శీనన్నా, మీ అన్న పొద్దుగాల జై తెలంగాణ అంటడు, పది గంటలకు ఆంధ్రాయనతోటి షికారు గొడ్తడు. నిన్నెప్పుడన్నా తీస్కపోయిండా?"

"దుకాణం ఎవరు చూస్తరు మరి?" అనేవాణ్ని.

నిజం ఏమిటంటే అన్న నన్ను ఎప్పుడూ రమ్మనలేదు.

ఆ ఏడాది వానాకాలంలో అన్నకు కామెర్లు ముదిరాయి. దవాఖాన నుంచి తిరిగి రాలేదు. కర్మలన్నీ అయ్యాక ఒకరోజు వదిన దగ్గరికి వెళ్లి సైకిల్ తెచ్చుకుందామనుకున్నాను. అడగడానికి నోరు రాక ఆగాను. అంతలో ఒక ఉదయం ప్రసాద్ గారు ఆ సైకిల్‌ను నడిపించుకుంటూ మా దుకాణంలోకి వచ్చారు. మోచేతికి కట్టు ఉంది.

"వదినగారు ఇచ్చారండి," అన్నారు. "నేను అడగలేదండి. ఆవిడే పిలిచి ఇచ్చారు."

నేను సైకిల్ వైపు చూశాను. కింది గొట్టం మీద అన్న అంటించిన జై తెలంగాణ స్టిక్కర్ అట్లాగే ఉంది.

"ఇది తీయలేదా?"

"ఎందుకు తీస్తానండి? బంద్ రోజున ఈ దారిలో నాకు అదే పాస్."

నాకు నవ్వు రాలేదు. సైకిల్ అక్కడ పెట్టి సాయంత్రం రమ్మన్నాను. ఆయన వెళ్లగానే వదినకు ఫోన్ చేశాను.

"సైకిల్ ఆయనకిచ్చినవా వదినా?"

"ఇచ్చిన. ఏమాయె?"

"నేను లేనా?"

"నువ్వుంటే ఏంది శీనూ? ఎక్కితే నీ కాళ్లు పెడళ్లకు అందుతయా? తీస్కపోయి గోడకు తగిలిచ్చి దండేస్తవ్. ఇంట్ల ఆల్రెడీ ఒక ఫోటోకు దండ ఉన్నది, చాలు. ఆయన పొడుగున్నడు, తొక్కుతడు. జర తిరగనియ్యి దాన్ని."

ఆమె అన్నది సైజు గురించి. మా వృత్తిలో దాన్ని బైక్ ఫిట్ అంటారు. మనిషి కాలి పొడవును బట్టి ఫ్రేమ్ ఎంచాలి. సీటు ఎంత దించినా ఆ ఫ్రేమ్ నాకు పెద్దదే. ఈ లెక్క రోజూ కస్టమర్లకు చెప్పేవాణ్ని. ఆరోజు నాకు నేను చెప్పుకోలేకపోయాను.

సాయంత్రం ప్రసాద్ గారు వచ్చారు. వెనక టైరు మాటిమాటికీ ఒకేచోట పంక్చర్ అవుతోందన్నారు. దూది తిప్పి చూసినా తీగ దొరకలేదట. మొన్న ఫ్లైఓవర్ దిగుతుంటే టైరు పగిలి పడిపోయారు.

"దూది సంగతి మీకెవరు చెప్పిన్రు?"

"అన్నగారేనండి."

అదీ చెప్పాడన్నమాట.

టైరు విప్పి వెలుతురులో పట్టుకున్నాను. తీగ లేదు. ఒకచోట మాత్రం రబ్బరు పూర్తిగా అరిగి లోపలి నూలు బయటపడింది. మిగతా టైరు బాగానే ఉంది. ముందు పళ్లచక్రానికి నలభై ఎనిమిది పళ్లు. వెనక చిన్న చక్రాన్ని కాగ్ అంటారు, దానికి పదహారు. అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం సరిగ్గా మూడు చుట్లు తిరుగుతుంది. ఒకే కాలు ముందు పెట్టి ఆపే మనిషికి, ఎన్నిసార్లు ఆపినా, టైరులో ఒకే భాగం రోడ్డుకు రాసుకుంటుంది. కాగ్‌కు పదిహేడు పళ్లుంటే చుట్ల లెక్క సరిగ్గా తెగదు, ఆపినప్పుడల్లా వేరే చోటు రోడ్డుకు తగులుతుంది, అరుగుదల పదిహేడు చోట్లకు పంచుకుపోతుంది. ఇది అన్నకు చాలాసార్లు చెప్పాను. "నీ లెక్కలు నీ దగ్గర ఉంచుకో" అనేవాడు.

ప్రసాద్ గారికి చెప్పబోతే ఆయనే అన్నారు.

"పదహారు వల్లేనండి. తెలుసు. అన్నగారు చెప్పారు. 'మా తమ్ముడు పదిహేడు ఎయ్యమంటడు, ఆడు చెప్పేది నిజమే, టైరు విషయంల నాకన్న ఆడే నయం' అన్నారు."

నా చేతిలో టైరు ఉంది. ఈ మాట కోసం నేను ఎన్నేళ్లు ఆయన పక్కన పని చేశానో ఈయనకు తెలియదు. సంతోషం కలగాల్సింది. ముందు కలిగింది కోపం. నాకు చెప్పాల్సిన మాట కూడా ఈయనకే చెప్పాడు.

"తెలిసి ఎందుకు మార్చలేదు?"

"మార్చబుద్ధి కాలేదండి. అన్నగారు పెట్టినవి పెట్టినట్టు ఉండాలని. మీరు అదే టైరు, ఇరవై మూడుదే, మళ్లీ వేసేయండి. బ్రేకూ వద్దు."

ఇరవై మూడు అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. సన్నగా, తేలిగ్గా ఉంటుంది. తీగలున్న రోడ్డుకు పనికిరాదు. ఆయన అన్నకంటే బరువు కూడా.

"ఆరోజు వెనక బస్సు ఉంటే?" అన్నాను.

ఆయన కట్టున్న చేతి వైపు చూసుకున్నారు. "బస్సు ఉందండి. కొంచెం దూరంలో ఆపాడు."

"మా వదినకు ఈ సంగతి తెలుసా?"

"చెప్పలేదండి. చెబితే తీసుకుంటారేమోనని."

అప్పుడు నాకు అర్థమైంది. అన్న మిగిల్చింది చేజారుతుందన్న భయం నాలాగే ఆయనకూ ఉంది. ఒక్క మాట వదిన చెవిన వేస్తే సైకిల్ వెనక్కి వస్తుంది. అది నాకు బాగా తెలుసు. వస్తే గోడకే ఉంటుంది. అదీ తెలుసు.

"నేను చెప్పింది ఎయ్యనిస్తే చేస్త," అన్నాను. "లేకుంటే ఇంకో దుకాణం చూస్కోండ్రి. మీరు అన్న కాదు. ఆయన మోకాళ్లు మీకు లేవు."

ఆయన ముఖం ఎర్రబడింది. "మీ ఇష్టమండి," అన్నారు.

ఆ ఫ్రేమ్‌లో పట్టేంత వెడల్పువి, ఇరవై అయిదు మిల్లీమీటర్ల టైర్లు ఎంచాను, లోపల పంక్చర్ బెల్ట్ ఉన్నవి. తీగను ఆపేందుకు రబ్బరు కింద వేసే గట్టి పట్టీ అది. కొంచెం బరువు, ఆ రోజుల్లో ఆ రోడ్లకు తప్పదు. ముందు ఫోర్కుకు బ్రేకు బిగించే రంధ్రం మొదటి నుంచీ ఉంది. అన్న వాడలేదు. నేను వాడాను.

కాగ్ ఊడలేదు. తొక్కేకొద్దీ ఆ మర బిగుస్తుంది. అన్న ఏళ్ల తరబడి తొక్కి బిగించిన మర అది. చక్రాన్ని ప్రసాద్ గారు రొమ్ముకు ఆనించి పట్టుకున్నారు. గొలుసు ముక్క ఉన్న పానాను కాగ్‌కు తగిలించి నేను బరువంతా వేశాను. మూడోసారికి కదిలింది.

పదిహేడుది ఎక్కించి, తుడిచి, సైకిల్ అప్పగించాను. ఆయన బల్ల మీదున్న పాత కాగ్ వైపు చూశారు.

"అది నేను ఉంచుకోవచ్చా అండీ?"

"ఇయ్య," అన్నాను. "సైకిల్ మీది. ఇది నాది."

ఆయన తలూపి, ఎక్కి వెళ్లిపోయారు. వెనక నుంచి చూస్తే ఆ ఎత్తు, ఆ వీపు ఒక్క క్షణం అన్నలాగే అనిపించింది. నేను చూపు తిప్పుకున్నాను.

ఆనాటి నుంచి ఎవరు సైకిల్ తెచ్చినా అది ఎవరిచ్చారని, ఎవరి గుర్తని నేను అడగను. మీ ఎత్తెంత, బరువెంత, రోజూ ఏ దారిన పోతారు, ఎట్లా ఆపుతారు అని అడుగుతాను. టైరును, కాగ్‌ను ఇప్పుడు తొక్కే మనిషిని బట్టి ఎంచాలి. ఈ పనిలో అన్న నాకు నేర్పనిది అదొక్కటే, ఆయన పోయాక నేర్చుకున్నాను.

ప్రసాద్ గారు ఇప్పటికీ సర్వీసింగ్‌కు మా దగ్గరికే వస్తారు. పదహారు పళ్ల కాగ్ నా బల్ల మీదే ఉంటుంది. ఆయన వస్తున్నట్టు ఫోన్ చేస్తే, ఆయన కంట పడకుండా తీసి డ్రాయర్‌లో పెడతాను.