జీజా-సాలా జోడీ ఎలా విడిపోయింది

బావా బామ్మర్దుల కుస్తీ జోడీ ఎందుకు విడిపోయిందని దుబాయ్ సత్వాలో ఏ చాయ్ దుకాణంలో అడిగినా ఒక కథ చెప్తారు. బామ్మర్దికి తలకెక్కిందని ఒకడు, బావకు మోకాలు పోయిందని ఇంకొకడు. మొన్న మంగలి షాపులో ఒకాయన, ఆడదాని దగ్గర తగువొచ్చిందట అన్నాడు. గడ్డం సగంలో ఉండగానే లేచి వచ్చేద్దామనిపించింది. ఆడదాని దగ్గర తగువు నిజమే. కానీ ఆ ఆడది ఒకడికి పెండ్లాం, ఇంకొకడికి తోడబుట్టిన అక్క. ఈ ముక్క తెలియకుండా కథలెందుకు? ప్రతి ఆటకూ రింగు మూలన నీళ్ల సీసా, తువ్వాలు పట్టుకుని కూర్చున్నవాణ్ణి నేను. నన్ను మాత్రం ఎవడూ అడగడు.

సత్వాలో ఒక పాత బిల్డింగుకు నేను నాతూర్‌ని, అంటే కావలివాణ్ణి. బడికి పోలేదు. దేశం నుంచి వచ్చేవాళ్లు పచ్చడి సీసాలకు చుట్టి తెచ్చిన తెలుగు పేపర్లు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. కరోనా వచ్చిన ఏడాది ఆ ఇద్దరూ మా పై అంతస్తు గదిలో మంచాలు అద్దెకు తీసుకుని ఉండేవాళ్లు. జగిత్యాల దిక్కు ఊరు. బావ స్టీల్ ఫిక్సరు, అంటే ఇనుప చువ్వలు వంచి కట్టే పని, దున్నపోతంత మనిషి. బామ్మర్ది స్కఫోల్డింగు, అంటే కట్టే బిల్డింగుల చుట్టూ పైపులతో మంచెలు కట్టే పని, కోతి జాతి. సైటు లేదు, బయటికి పోయేది లేదు. పరుపులు నేల మీద పరుచుకుని కుస్తీ మొదలుపెట్టారు. పైన గోడలు కూలగొడుతున్నారా ఏమిటని కింది ఇంటివాళ్లు నాకు ఫోను. తిట్టడానికి పోయాను. చూస్తే బామ్మర్ది రెండంతస్తుల మంచం మీద నిలబడి, ఫ్యాను పక్క నుంచి బావ మీదికి దూకబోతున్నాడు.

"ఒరేయ్, బతకాలని లేదా నీకు?"

"జర పక్కకు జరుగు కాకా, నీ మీద పడ్త!"

అదీ మర్యాద.

మా దిక్కు జాతరల్లో కుస్తీలు చూస్తూ పెరిగినవాణ్ణి. పొద్దున పిల్లల కొబ్బరికాయ కుస్తీతో మొదలై, సాయంత్రం వెండి కడెం కుస్తీతో ముగిసేవి. ఎవడు గెలుస్తాడో మట్టికి కూడా తెలియదు. టీవీలో వచ్చే ఈ తాళ్ల మధ్య కుస్తీ అట్లా కాదు. ఎవడు గెలవాలో, ఎవడు ఎట్లా పడాలో ముందే అనుకుని వస్తారు. దాన్ని కుస్తీ అనడానికి నాకు నోరు రాదు. కానీ ఈ ఇద్దరూ ఆ ఆట ఆడితే చూడబుద్ధయ్యేది, ఏం చేయను?

లాక్‌డౌన్ తాళాలు తీశాక అల్ ఖూజ్‌లో ఒకాయన ఖాళీ గోడౌనులో రింగు వేశాడు. అందరూ ఆయన్ను ముదీర్, అంటే మేనేజరు, అనేవాళ్లు. ఆదివారం ఆదివారం ఆట. వీళ్లది జంట ఆట, పేరు జీజా-సాలా, హిందీలో బావా బామ్మర్దులని. తెలియనివాళ్లకు చెప్తాను: ఒక్కొక్క పక్క ఇద్దరు. ఒకడు లోపల తన్నులు తింటాడు. రెండోవాడు తాడు బయట చెయ్యి చాపి నిలబడాలి. లోపలివాడు పాక్కుంటూ వచ్చి ఆ చెయ్యి తడితేనే వీడు లోపలికి రావాలి. ఆ పాకుడులోనే ఉంది వ్యాపారమంతా. బావ అంత ఒళ్లేసుకుని ఇంచు ఇంచు పాకుతుంటే సోనాపూర్ లేబర్ క్యాంపుల నుంచి బస్సుల్లో వచ్చిన జనం కుర్చీలెక్కి "జీజా! జీజా!" అని గోల. చెయ్యి తగిలిందో, బామ్మర్ది తాడు దూకి, వంగిన బావ వీపు మీద కాలు పెట్టి ఎగిరేవాడు. "సాలా! సాలా!" అని రేకుల కప్పు అదిరిపోయేది. షార్జా, అజ్మాన్ తిరిగారు. రువైస్‌లో కంపెనీవాళ్లు పిలిస్తే అంత దూరమూ పోయి ఆడి వచ్చారు. జోడీ బెల్టు వీళ్లదే. ఊళ్లో ఆడవాళ్లు కూడా ఫోన్లలో వీడియోలు చూసేవాళ్లు. వాళ్లకు అది అచ్చంగా కుస్తీయే. ఆట అని ఎవడు చెప్పాడు గనక?

అంతా బాగుందనుకునేసరికి ముదీర్‌కు బుద్ధి పుట్టింది.

"చాచా, జోడీ పాతబడింది. విడగొట్టాలి. సాలా వెనక నుంచి వచ్చి జీజాను కుర్చీతో కొడతాడు."

"వీడు నిజంగా బామ్మర్ది, వాడు నిజంగా బావ. అక్క మొగణ్ణి కొట్టినవాణ్ణి మా ఊళ్లో గడప తొక్కనిస్తారా?" అన్నాను నాకొచ్చిన హిందీలో.

"అందుకే కదా! జనం మండిపోతారు," అన్నాడు. అర్థం కాక అన్నా బాగుండేది. అంతా అర్థమయ్యే అన్నాడు.

బామ్మర్దికి సంబరం. బావ నవ్వుతున్నాడు, "ఉత్త రేకు కుర్సీ కాకా, ఏం గాదు." ముందుగా ఇంట్లో చెప్పండిరా అని ఇద్దరికీ చెప్పాను. ముదీర్ అడ్డం పడ్డాడు. ఇంట్లోనూ చెప్పగూడదట, పొక్కితే ఆట చస్తుందట. ఇద్దరూ మాల వేసుకున్నంత నిష్ఠగా తలూపారు. పెళ్లాంతో చెప్పని రహస్యం వీళ్లకు ఇదొక్కటే దొరికింది!

ఆ ఆదివారం కుర్చీ దెబ్బకు గోడౌను గోడౌనే ఊపిరి బిగబట్టింది. తర్వాత చెప్పులు లేచాయి. వాళ్ల మండలం వాడే ఒకడు గురిచూసి బామ్మర్దిని కొట్టాడు. లోపలికొచ్చి వీడు నాతో అంటాడూ, "చూసినవా కాకా, చెప్పు గూడ పడ్డది!" ఏదో బంగారు పతకం పడ్డట్టు.

వీళ్లు స్నానం చేసేలోపే వీడియో ఊరు చేరింది. బావ ఫోను మోగింది. తెరమీద బావ పెండ్లాం, బామ్మర్ది అక్క, సంకలో పిల్లవాడు.

"గాణ్ణి పక్కకు జరుపు. గాని మొకం నాకు చూపకు."

"అక్కా, అది..."

"అక్క అనకు. సంకనెత్తుకోని పెంచిన నిన్ను. నా మొగణ్ణి కుర్సీతోని కొడ్తవా? నా కొడుకు పుట్టెంటికలకు నువ్వు రావద్దు. నీ ఒళ్లె వాణ్ణి కూసోపెట్ట."

బామ్మర్ది మొహంలో రక్తం లేదు. పుట్టువెంట్రుకలకు మేనమామ ఒడిలోనే పిల్లవాణ్ణి కూర్చోబెట్టాలి, మొదటి కత్తెర మేనమామే వేయాలి. వేములవాడలో ఆ ముచ్చట కోసం వీడు సెలవు పెట్టుకున్నాడు. మేనల్లుడికి కొత్త బట్టలు, వెండి మొలతాడు కొని తలగడ కింద పెట్టుకుని పడుకుంటున్నాడు.

ఫోను నేను లాక్కున్నాను. "అది ఆట తల్లీ. ముందే అనుకుని కొట్టిండు."

"ముందే అనుకోని కొట్టిండా?" ఆమె గొంతు ఇంకా లేచింది. "నువ్వు గక్కడ్నే కూసున్నవ్ గద కాకా. పెద్దమనిషివి, ఆపొద్దా?"

ఇంతలో ఆ మొగుడు, తనకేం కాలేదని చూపడానికి, చొక్కా ఎత్తి వీపు ఫోను ముందు పెట్టాడు. వీపు మీద ఇంత వాత!

"ఆటల వాత ఎట్ల పడ్తది?" అంది. పెట్టేసింది.

ఆ తర్వాత తమ్ముడి ఫోను ఎత్తలేదు. వాళ్ల ఊరి కులపెద్దలు కూడా నాకే ఫోను చేసి, దుబాయ్‌లో మీరు పిల్లలకు నేర్పేది ఇదేనా అని అడిగారు. నేనేం నేర్పాను! చివరికి ఆమె మొగుడితో తెగేసి చెప్పింది: పదిమందిలో కొట్టిండు, పదిమందిలోనే తిననీ, అప్పుడు చూద్దాం.

ముదీర్ లెక్క ఇంకొకటి. ఆఖరి ఆటలో బావా బామ్మర్దులు ఎదురెదురు. బామ్మర్ది గెలవాలి. గెలిస్తే ఒంటరి ఆటలు, స్కఫోల్డింగు మానేసి ఈ పని మీదే వీసా. బావ తనే బతిమాలాడు, "నువ్వే గెలువురా. పైపులు మోసుడు తప్పుతది." నేనూ అదే చెప్పాను, గెలిచి తర్వాత అక్క కాళ్ల మీద పడమని. సరే సరే అన్నాడు. వాడి సరేను నేను నమ్మాను చూడండి.

ఆ రోజు ఆమెకు ఆట చూపమని ఫోను నా చేతికిచ్చారు. ముదీర్ కంటపడకుండా తువ్వాలు చాటున పట్టుకున్నాను. అనుకున్నట్టే బావ కింద పడ్డాడు. బామ్మర్ది మూల స్తంభమెక్కాడు. దూకితే ఖలాస్, గెలుపు. ఎక్కినవాడు నా చేతిలోని ఫోను వంక చూశాడు. మెల్లగా మెట్టు మెట్టుగా దిగి, వచ్చి బావను లేపి నిలబెట్టాడు. చేతులు రెండూ చాపాడు.

"కొట్టు బావా."

"ఏం జేస్తున్నవ్‌రా? పైకెక్కు!"

"అక్క చూస్తున్నది. కొట్టు."

బావ మెత్తగా తట్టాడు. వీడు కదల్లేదు. "గిట్ల గాదు, అక్క నమ్మది," అన్నాడు. అప్పుడు ఆ మొద్దు, ఇనుప చువ్వలు వంచే చెయ్యి, ఒక్కటిచ్చాడు. వీడు చెట్టు కూలినట్టు కూలాడు. రిఫరీ కిందా మీదా చూసి, వేరే దారిలేక మూడు లెక్కపెట్టాడు. జనానికి పిచ్చెక్కింది. ముదీర్‌కు వేరే రకం పిచ్చెక్కింది. వీసా లేదు, ఏమీ లేదు, ఇద్దరూ మళ్లీ ఈ గడప తొక్కొద్దని బట్టలు మార్చుకునే గదిలో మొహమ్మీదే చెప్పి పోయాడు. ఎంతమంది పేరు పెట్టి అరిచిన జోడీ! ఇద్దరూ చేతులారా పారబోసుకున్నారు.

ఇంకా ఫోను నా చేతిలోనే ఉంది. అందులోంచి ఏడుపు.

"తమ్మీ! లేస్తున్నవారా? కాకా, వాడు లేస్తున్నడా?"

"లేచాడు తల్లీ," అని బావకు ఫోనిచ్చాను.

"ఏమయ్యా, మనిషివేనా నువ్వు? గంత గట్టిగ కొడ్తవా నా తమ్ముణ్ణి?"

"నువ్వే గద..."

"తిననీ అంటే గిట్లనా? చిన్నప్పటి సంది ఒక్క దెబ్బ కొట్టలేదు మేము వాణ్ణి! పుట్టెంటికలకు నా తమ్ముడు వస్తడు. నువ్వొస్తవో రావో నీ ఇష్టం."

బావ నోరు తెరుచుకుని నా వంక చూశాడు. నేను ఐసు గడ్డలు తువ్వాల్లో మూటగట్టి ఆ బామ్మర్ది దవడకు అదిమాను. ఒళ్లు మండి కొంచెం గట్టిగానే అదిమాను. వాడికి దవడ తెరుచుకోవడం లేదు, అయినా అడుగుతున్నాడు:

"బావా... రమ్మన్నదా?"

"నిన్ను రమ్మన్నది," అన్నాడు బావ, "నాకే ఇంక తెల్వది."

వాడు నవ్వబోయి, దవడ పట్టుకుని, అమ్మా అన్నాడు.