కుర్చీలమ్మ చేసిన తోట

కుర్చీలమ్మకి ఒకటే పిచ్చి. ఏ బొమ్మ చేసినా అందులో కుర్చీ ఉండి తీరాలి. మిగతా ఆర్టిస్టులు మూలన సంతకం పెడతారు. ఈవిడ కుర్చీ వేస్తుంది.

ఆవిడ చేసేవన్నీ రాబోయే లోకం బొమ్మలే. అందులో పొగ ఉండదు, ప్రహరీగోడ ఉండదు, ఒకడు తింటుంటే పదిమంది చూస్తూ నిలబడడం ఉండదు. కుర్చీలకి మాత్రం కరువుండదు. సముద్రం పొంగి ఊరు మునిగిన బొమ్మలో అలల మీద కుర్చీ. మేడల మీద అడవి మొలిచిన బొమ్మలో కొమ్మకో కుర్చీ.

"సముద్రంలో కుర్చీ ఏంటమ్మా?" అనడిగాడు బరువు బాబాయ్.

"ఈదేవాడికి కాళ్లు నొప్పెట్టవా బాబాయ్?"

"మరి కొమ్మ మీద?"

"పిట్టలెప్పుడూ నిలబడే ఉంటాయి. చూశావా, పాపం?"

బాబాయ్ చూడలేదు. జుట్టు నల్లగా ఉన్ననాటి నుంచీ ఆవిడ బొమ్మలు పెట్టే గ్యాలరీలో పెట్టెలు మోస్తున్నాడు. పిట్టల కాళ్ల గురించి ఆలోచించేంత తీరిక అతని నడుము ఎప్పుడూ ఇవ్వలేదు. దేన్ని చూసినా బరువు చెప్పేస్తాడు గనక ఆ పేరొచ్చింది.

పెద్ద హాల్లో కాపలా ఉండేది అతని వదిన. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నిలబడాలి. మోకాళ్లు గుమ్మడికాయల్లా వాచిపోయాయి. మొన్న ఒక పెట్టె మీద అలా కూలబడిందో లేదో, మేనేజరు ప్రత్యక్షం.

"ఇంకోసారి కూర్చున్నారంటే, ఇక ఇంట్లోనే కూర్చోండి!"

పని పోయిన అన్నయ్య అప్పటికే ఇంట్లో కూర్చున్నాడు. వదిన కూడా కూర్చుంటే ఇక పొయ్యి కూడా కూర్చుంటుంది.

ఈ గోడునంతా బాబాయ్ పెట్టె విప్పుతూ కుర్చీలమ్మకి చెప్పుకున్నాడు. ఆవిడ బెత్తం వంచి చూసుకుంటూ, "అవునూ, మీ వదిన బరువెంత?" అంది.

బాబాయ్ చేతిలో సుత్తి జారింది. "నేను కష్టం చెప్తుంటే తూకం అడుగుతారేంటమ్మా!"

"చెప్పు బాబాయ్."

"డెబ్బై అయిదుకి తగ్గదు. నేను చెప్పానని మాత్రం అనకండి, నన్ను బతకనివ్వదు."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయిందనుకుని బయటికొచ్చేశాడు.

ప్రదర్శన రోజున హాలు మధ్యలో బెత్తం కుర్చీ, దాని చుట్టూ తీగలు పాకిన కుండీలు.

"మళ్లీ కుర్చీయేనా తల్లీ!" మేనేజరు తల పట్టుకున్నాడు.

"కుర్చీ కాదండీ, తోట. కరెంటు లేదు, మోటారు లేదు. మనిషి కూర్చుంటే అడుగున నీళ్ల తిత్తి నొక్కుకుని మొక్కలకి నీళ్లు ఎక్కుతాయి. లేచాడా, మొక్క వాడుతుంది."

మేనేజరు తనే ఎక్కి కూర్చున్నాడు. చుక్క ఎక్కలేదు.

"బాబాయ్, సారు బరువెంత?"

"బూట్లతో కలిపి యాభై రెండు."

"చాలదు."

"పోనీ ఇసుక మూట పెడదాం," అన్నాడు మేనేజరు.

"ఇసుక మూటకి భవిష్యత్తేముందండీ? రోజంతా ఈ హాల్లోనే ఉండే మనిషెవరూ లేరా?"

అందరి తలలూ గోడ దగ్గర నిలబడ్డ వదిన వైపు తిరిగాయి.

"ఆవిడ కాపలా!"

"కూర్చున్నా కళ్లు తెరుచుకునే ఉంటాయిగా?"

అతిథుల కార్లు వచ్చేశాయి. తీగలు తలలు వేలాడేస్తున్నాయి. మేనేజరు చెమట తుడుచుకున్నాడు. "అమ్మా, మీరు కూర్చోండి!"

వదిన బెదిరిపోయింది. "ఇక్కడా సార్, ఇంట్లోనా?"

"ఇక్కడే! త్వరగా!"

వదిన కూర్చుంది. గుటగుటమని నీళ్లెక్కాయి. వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆవిడ పాదాల కింద చిన్న పీట కూడా అమిరింది, కొలత తీసినట్టు. బాబాయ్ కుర్చీలమ్మ వైపు చూశాడు. ఆవిడ ఏమీ ఎరగనట్టు ఆకుల మీద దుమ్ము తుడుస్తోంది. శంఖం బాగానే వినబడింది.

ఇప్పుడు వదిన మంచినీళ్లకి లేచినా మేనేజరు పరిగెత్తుకొస్తాడు. "లేవకండమ్మా! కళ పాడైపోతుంది!"

కళ్లజోడు పెట్టుకున్న పెద్దాయన ఒకరు వంగి అడిగారు. "రాబోయే కాలం ఇలాగే ఉంటుందంటారా?"

"ఏమోనండీ, నా మోకాళ్లకి మాత్రం వచ్చేసింది," అంది వదిన, కాళ్లు చాపుకుని.

పక్కనే మేనేజరు గర్వంగా అందుకున్నాడు. "డెబ్బై అయిదు కేజీలకి తగ్గితే ఇది పనిచెయ్యదండీ!"

వదిన మెల్లగా తల తిప్పింది. "ఏమయ్యా మరిదీ, ఆ లెక్క కుర్చీలమ్మకెవరు చెప్పారు?"

బాబాయ్ అప్పటికే అన్నిటికంటే పెద్ద పెట్టె భుజానికెత్తుకుని గేటు దాటేశాడు. దాని బరువెంతో ఆ ఒక్కసారికి చూసుకోలేదు.